మరిది బిగించిన టర్బో

పశువుల డాక్టరమ్మకు మరిది మీద ఉన్న చులకన ఒక్కరోజులో పుట్టింది కాదు. పెళ్ళయిన కొత్తలో అతను ఇంజనీరింగ్ చదువుతున్నాడని విని కాస్త గౌరవమే ఇచ్చింది. రెండో ఏడు దాటకుండానే చదువు మానేసి, "ఆ కాలేజీలో నాకు నేర్పగలిగినవాళ్ళు ఎవరూ లేరు" అని భోజనాల దగ్గర ప్రకటించిన రోజున ఆ గౌరవానికి మొదటి చిల్లు పడింది. తర్వాత అతను నీళ్ళు శుద్ధిచేసే యంత్రాలు అమ్మాడు. కొన్నవాళ్ళెవరైనా వీధిలో ఎదురుపడితే పక్క సందులోకి తప్పుకునేవాడు. ఆ పైన పుట్టగొడుగులు పెంచాడు. అవి సంచుల్లో తప్ప షెడ్డు గోడల నిండా మొలిచాయి. నలభై దాటినా ఇంట్లో అందరికీ అతను చిన్నోడే. డాక్టరమ్మ మాత్రం మనసులో 'ఇంజనీరు గారు' అని పిలుచుకునేది. ఆ 'గారు'లో పట్టినంత వెటకారం పట్టించేది.

ఇప్పుడు ఇంజనీరు గారు బండ్ల మీద పడ్డారు. ఇంటి వెనక రేకుల షెడ్డులో పుట్టగొడుగుల అరలు పీకేసి, ఇనప ముక్కల్ని బిగించి పట్టే వైసు బల్లా, నాలుగు జాకీలూ పెట్టుకున్నాడు. పొద్దస్తమానం ఫోనులో ఎవరెవరో బండ్లు విప్పుతున్న వీడియోలు చూసి, సాయంత్రానికి అవన్నీ తనే కనిపెట్టినట్టు చెప్పేవాడు.

"వాడికి చేతిలో పనుంది, అది చాలు" అనేవాడు డాక్టరమ్మ భర్త. ఆయన లెక్కల మాస్టారు. మెత్తని మనిషి. తమ్ముడి విషయంలో మరీ మెత్తన. ఆ మెత్తదనం చూసినా ఆమెకు ఒళ్ళు మండేది.

ఆమె బండి పాత డీజిల్ బండి. నాలుగు చక్రాలకూ పట్టు ఉండే రకం. చెక్కపెట్టెకు చక్రాలు బిగించినట్టుంటుంది. వెనక మందుల పెట్టె, తాళ్ళు, రబ్బరు బూట్లు, ఎప్పుడూ పోని పేడవాసన. బురద, రాళ్ళు, వాగులు ఏవీ దానికి లెక్కలేదు. లెక్క ఉన్నదల్లా ఎత్తే. కొండమీది పాడి కొట్టాలకు వెళ్ళే దారిలో మొదటి మలుపు దాటిందంటే చాలు, ఇంజను గొంతు పడిపోయేది. ఇంజనులోకి గాలి ఎక్కువగా తోసే టర్బో దాంట్లో ఉంది గానీ పాతకాలంది. ఇంజను జోరందుకున్నాక తప్ప అది నిద్రలేవదు. జోరందుకునేలోపు ఇంకో మలుపు వచ్చిపడేది. నల్లటి పొగ కక్కుతూ, రెండో గేరులో మూలుగుతూ ఎక్కుతుంటే కట్టెల లారీలు హారను కొట్టి మరీ దాటిపోయేవి.

ఆ ఏడు వానలు ఆగాక ఒకనాడు పైకొట్టం రైతు భార్య ఆమెను చూసి, పాలబిందె నడుముకెత్తుకుంటూ అంది. "మీరొచ్చేలోపు రోగమే విసుగెత్తి పోయింది డాక్టరమ్మా. ఆవు మేతకెళ్ళింది."

అందరూ నవ్వారు. డాక్టరమ్మ కూడా నవ్వింది. కిందికి దిగే దారంతా పళ్ళు కొరుక్కుంది. రాత్రి భోజనాల దగ్గర ఈ మాట భర్తకు చెప్తుంటే మరిది చెవిలో పడింది.

"నేను చెప్తూనే ఉన్నాగా వదినా" అన్నాడు, నిజానికి ఎప్పుడూ చెప్పకపోయినా. "దానికి వేరియబుల్ టర్బో పెట్టాలి. ఇప్పటి బండ్లలో వస్తున్నాయి. తుక్కు దుకాణంలో ఒకటుంది, ముందు వైపు నుజ్జయిన కారుది. టర్బో మాత్రం కొత్త పెళ్ళికూతురిలా ఉంది."

"నా బండి జోలికి రాకు."

"అసలదేంటో తెలుసా మీకు? పొగ వచ్చే దారిలో చుట్టూ చిన్న చిన్న రెక్కలుంటాయి. తోటకి నీళ్ళు పెట్టేటప్పుడు గొట్టం మూతికి బొటనవేలు అడ్డం పెడితే నీళ్ళు ఎలా..."

"దూరం పడతాయి. తెలుసు."

"ఆ, అదే! పొగ తక్కువున్నప్పుడు రెక్కలు మూసుకుంటాయి, సందు ఇరుకై పొగ జోరుగా కొడుతుంది. ఎక్కువైతే తెరుచుకుంటాయి. కింద నుంచే లాగుడు వస్తుంది. ఇది అందరికీ అర్థం కాదులెండి."

చదువుకున్న చదువంతా, కోసిన పొట్టలన్నీ, లాగిన దూడలన్నీ పక్కనపెట్టి ఆమెకు గొట్టం గురించి పాఠం చెప్తున్నాడు! కంచం తీసుకుని లేచి వెళ్ళిపోయింది. కానీ పాలబిందె ఎత్తుకున్న ఆ మనిషి నవ్వు వారమంతా వెంటాడింది. చివరికి ఓ ఆదివారం బండి తాళాలు షెడ్డులో బల్లమీద పడేసింది.

"పాడుచేశావంటే నిన్ను కాడికి కడతాను" అంది.

"మీరే మెచ్చుకుంటారు చూడండి" అన్నాడతను.

మెచ్చుకోవాల్సింది ఏదీ చాలారోజులు కనబడలేదు. కారు టర్బోకీ, పాత ఇంజనుకీ బిగించే రంధ్రాలే కలవలేదు. అతను ఇనప పలకతో మధ్య ముక్క ఒకటి కోయించాడు. దాన్ని తిరగేసి కోయించాడని బిగించేటప్పుడు తెలిసింది. కోసినవాడిని తిట్టాడు. గీసిచ్చింది తనే. ఆ కొత్త కారులో రెక్కల్ని కదిలించడానికి కంప్యూటరుండేది. ఈ ముసలిబండికి అలాంటిదేమీ లేదు. అందుకని లోపల స్ప్రింగు ఉన్న చిన్న డబ్బా ఒకటి తగిలించి, దాని కడ్డీని రెక్కల లివరుకు కలిపాడు. గాలి ఒత్తిడి పెరిగితే కడ్డీ ముందుకు జరిగి రెక్కలు తెరుచుకోవాలి. దీన్ని ఇంట్లో పనిమనిషితో సహా అందరికీ వివరించాడు. అన్నిరోజులూ డాక్టరమ్మ అద్దె ఆటోలో కొండ కింది ఊళ్ళు మాత్రం చూసుకుని వచ్చేది.

మొదటిసారి ఇంజను స్టార్టు చేసిన రోజు వీధంతా నీలిపొగ కమ్ముకుంది. ఎదురింటి మేడమీద బట్టలు తీసుకుంటున్నావిడ దగ్గుతూ శాపనార్థాలు పెట్టింది. టర్బోకి వెళ్ళిన ఆయిలు మళ్ళీ ఇంజను అడుగుకు జారే పైపుని అతను వాలుగా కాకుండా అడ్డంగా బిగించాడు. దిగే దారిలేక ఆయిలంతా పొగగొట్టంలోకి కక్కింది. మరిది మొహం నిండా మసి. డాక్టరమ్మ గుమ్మంలో నిలబడి చూస్తోంది. తను ఇంత హాయిగా ఉండి ఎన్నాళ్ళయిందో అనుకుంది.

"ఏమైంది ఇంజనీరు గారూ?" అని మొదటిసారి పైకే పిలిచింది.

"ఇది మామూలే. అన్ని చోట్లా ఇలాగే అవుతుంది" అన్నాడతను, కళ్ళు తుడుచుకుంటూ.

పైపు మార్చాడు. పొగ పోయింది. రెండోసారి ఆమే నడుపుకుంటూ కొండెక్కింది. బండి నిజంగానే లేడిలా లేచింది. కానీ గాలి ఒత్తిడి చూపించే ముల్లు ఎర్రగీత దాటి ఎక్కడికో పోయింది, నాలుగో మలుపులో తుపాకీ పేలినట్టు చప్పుడై రబ్బరు గొట్టం ఊడిపోయింది. బండి అక్కడే వదిలి, మందుల పెట్టె భుజాన వేసుకుని కిందికి నడిచింది. రెక్కలు మరీ మూసుకుపోకుండా ఆపే చిన్న స్క్రూ ఒకటుంటుందని ఆ రాత్రి తనే చదివి తెలుసుకుని, మర్నాడు చెప్పింది.

"అది నాకు తెలుసు" అన్నాడు మరిది.

"తెలిసి ఎందుకు తిప్పలేదు?"

"మీకు ఎంత జోరు కావాలో చూద్దామని."

ఇలాంటి మనిషితో ఏం మాట్లాడతాం? ఆమె ఆసుపత్రికి వెళ్ళిపోయింది. సాయంత్రానికి అతను బండిని కిందికి తెచ్చి, గొట్టం బిగించి, స్క్రూ సరిచేసి తాళాలిచ్చాడు. ఇస్తూ ఊరుకోలేదు.

"ఒకటి గుర్తుపెట్టుకోండి వదినా. వారానికోసారైనా దీన్ని గట్టిగా తొక్కాలి. ఇంజను అరవాలి. మీరు తొక్కినట్టు సుతారంగా తొక్కితే రెక్కలకి మసిపట్టి బిగుసుకుపోతాయి."

"సరే" అంది, వినకుండానే.

ఆ తర్వాత బండి నడిచిన తీరు చెప్పాలంటే, అది ఆమె బండేనా అన్నట్టుంది. మొదటి మలుపు మూడో గేరులో దాటింది. కట్టెల లారీని ఎత్తులో దాటి, అద్దంలో అది చిన్నదైపోవడం చూసింది. పైకొట్టం రైతు భార్య పాలు పితకడం ఆపి, "అప్పుడే వచ్చారా!" అంది. డాక్టరమ్మ లోపల్లోపల పొంగిపోయింది.

"ఎలా ఉంది బండి?" అని మాస్టారు అడిగాడు ఆ రాత్రి. మరిది నీళ్ళ గ్లాసు నోటి దగ్గరే పెట్టుకుని ఆగాడు.

"నడుస్తోంది" అంది డాక్టరమ్మ.

మరిది నీళ్ళు తాగాడు. ఇంకేమీ వినబడదని తెలిశాక గ్లాసు పెట్టి, మూతి తుడుచుకుని వెళ్ళిపోయాడు. 'ఒక్కటి కుదిరిందని నెత్తినెక్కించుకుంటే ఇక పట్టలేం' అనుకుందామె. నీళ్ళ యంత్రాలు, పుట్టగొడుగులు, నీలిపొగ ఇవన్నీ మర్చిపోయి ఇప్పుడు చప్పట్లు కొట్టాలా? అంతేకాదు, ఆ టర్బో మీద ఆమెకు పూర్తి నమ్మకం లేదు. ఆ చేతులు బిగించింది ఎప్పుడు ఊడుతుందోనని పెడలు మీద కాలు ఆనీ ఆననట్టు పెట్టి నడిపేది. గట్టిగా తొక్కమన్నది అతను కాబట్టి ఆ ఒక్క పనీ చెయ్యలేదు.

చలికాలం మొదలయ్యేసరికి బండి మళ్ళీ మందగించింది. ముందు నమ్మలేదు. తర్వాత లారీలు మళ్ళీ దాటసాగాయి. పాత నల్లపొగ తిరిగొచ్చింది. చెప్పొద్దూ, ఆమెకు కోపంతోపాటు ఓ రకం సంతృప్తి కూడా కలిగింది. ఆసుపత్రిలో కాంపౌండరుతో, "మా ఇంజనీరు గారి పనితనం మూణ్ణాళ్ళు నిలిచింది" అని నవ్వింది. భర్తతో అంది. పాలవాడితోనూ అంది. మరిదికి మాత్రం చెప్పలేదు. చెప్తే అతను చేతులు కట్టుకుని, తల ఓ పక్కకు వాల్చి, "ఏంటి వదినా, సమస్యా?" అంటాడు. ఆ మొహం చూడటంకంటే రెండో గేరులో ఎక్కడమే మేలనిపించింది. అలా చాలారోజులు ఎక్కింది.

ఒక మధ్యాహ్నం పైకొట్టం నుంచి ఫోను వచ్చింది. ఆవు ఈనలేక తన్నుకుంటోంది, దూడ కాలొకటే బయటికొచ్చింది, తల రాలేదు. డాక్టరమ్మ బండి తీసింది. ఇంటి సందు చివర చిన్న ఎత్తు దగ్గరే అది మూలగడం మొదలుపెట్టింది. వెనక్కి తిప్పి, షెడ్డు ముందు ఆపి, ఇంజను ఆపకుండానే హారను కొట్టింది.

మరిది బయటికొచ్చాడు. ఇంజను చప్పుడు విన్నాడు. ఏమీ అడగకుండా బానెట్ ఎత్తి, రెక్కల కడ్డీని వేలితో కదపబోయాడు. కదల్లేదు.

"ఎన్నాళ్ళయింది ఇలా?"

"ముందు పని కానీ! అక్కడ ఆవు చస్తోంది."

అతను పట్టకారుతో కడ్డీ పట్టుకుని ముందుకీ వెనక్కీ లాగాడు. మొదట బిర్రుగా ఉంది. తర్వాత కిర్రుమంటూ కాస్త, ఇంకాస్త కదిలింది. చేతులు కాలుతున్నా వదల్లేదు. కడ్డీ కొసదాకా కదిలాక బానెట్ వేసి డ్రైవరు తలుపు తీశాడు.

"జరగండి."

"నేను నడుపుతాను."

"మీరు నడిపే కదా ఇలా అయింది! జరగండి వదినా!"

జీవితంలో అతను ఆమెతో అలా మాట్లాడటం అదే మొదలు. ఆమె పక్క సీటులోకి జరిగింది. అతను రెండో గేరు వేసి పెడలు నేలకు తొక్కిపట్టాడు. ఇంజను గగ్గోలుపెట్టింది. మొదటి మలుపుదాకా వెనక నల్లటి మసి మేఘంలా లేచింది. తర్వాత గొంతులో అడ్డుపడిందేదో పోయినట్టు ఊళవేసి, బండి ముందుకు దూకింది.

"చూశారా! మసి. అంతే. చెప్తే వినరు" అని అరిచాడు. "అందరూ నా పనిని తిట్టేవాళ్ళే. కాంపౌండరుకి చెప్పారు, పాలవాడికి చెప్పారు. నాకు చెప్పడానికే నోరు రాలేదా?"

"నీకు చెప్తే నీ ఉపన్యాసం వినాలి."

"వింటే ఏం? అరిగిపోతారా? మీ బోడి డిగ్రీకి ఏమైనా తక్కువవుతుందా?"

"రోడ్డు చూసి నడుపు."

"చూస్తున్నా. మీకు నేనంటే లోకువని మొదటిరోజు నుంచీ తెలుసు. నాకూ మీరంటే ఏమంత గౌరవం లేదు. పశువుల దగ్గర తప్ప మనుషుల దగ్గర మీకు మంచిమాట రాదు."

 మలుపులు ఒకదాని వెంట ఒకటి వెనక్కి పోతున్నాయి. అంత జోరుగా ఆ దారి ఎవరూ ఎక్కి ఉండరు.

కొట్టంలో ఆవు పక్కకు పడి ఉంది. డాక్టరమ్మ చొక్కా చేతులు పైకి మడిచి, గడ్డిమీద బోర్లా పడుకుని చెయ్యి లోపలికి పెట్టింది. తల వెనక్కి తిరిగి ఉంది. దాన్ని సరిచేసి తాళ్ళు వేసింది. తాడు పట్టుకోమంటే మరిది పట్టుకున్నాడు. కాస్తసేపటికి మొహం తెల్లబడి, తాడు రైతు చేతికిచ్చి బయటికి పరిగెత్తాడు. గోడవతల కక్కుకుంటున్న చప్పుడు లోపలికి వినబడింది. 'నోరు తప్ప ఇంకేమీ లేదు' అనుకుందామె, తాడు లాగుతూనే.

దూడ బయటికొచ్చింది. ఒళ్ళు వెచ్చగానే ఉంది. ముక్కు శుభ్రం చేసింది, పక్కటెముకలు రుద్దింది, కాళ్ళు పట్టుకుని తలకిందులుగా ఎత్తింది, నోట్లోకి ఊదింది. ఊపిరి రాలేదు. ఆవు మాత్రం బతికింది.

"ఇప్పటిదాకా కదులుతూనే ఉందమ్మా" అంది రైతు భార్య నెమ్మదిగా. "మీ బండి చప్పుడు కింద వినబడేటప్పుడు కూడా కాలు కదిపింది."

డాక్టరమ్మ తలెత్తింది. గుమ్మంలో మరిది నిలబడి ఉన్నాడు. ఆ మాట విన్నాడు. సందు చివరి నుంచి వెనక్కి తిరిగిన సేపూ, కడ్డీతో కుస్తీపట్టిన సేపూ అక్కడ వాళ్ళిద్దరికే తెలుసు. నెలరోజుల్లో ఏ సాయంత్రమైనా ఆమె ఒక్కమాట చెప్పి ఉంటే పట్టకారుతో అయిపోయే పని అది.

కిందికి వచ్చేటప్పుడు ఆమే నడిపింది. అతను కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు. సగం దారి దాకా ఆమె ఎదురుచూసింది.

"అను" అంది చివరికి. "అనాలనుంది కదా. అనెయ్."

"ఏమనాలి వదినా?" అన్నాడతను. "ఆ దూడ కళ్ళు తెరిచే ఉన్నాయి."

రాత్రి భోజనాల దగ్గర మాస్టారు అడిగితే, ఆమెకంటే ముందు అతనే చెప్పాడు. "బండి బాగానే ఎక్కిందన్నయ్యా. మేం వెళ్ళేసరికే దూడ పోయింది."

డాక్టరమ్మ చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. ఈ మనిషి! నోరు తెరిస్తే గొప్పలు తప్ప రాని మనిషి, తన మీద జాలిపడి అబద్ధమాడుతున్నాడు.

"ముందే పోలేదు" అంది. "బండి పాడైందని నాకు ఎప్పుడో తెలుసు. చిన్నోడికి చెప్పలేదు. అందుకే పోయింది."

మాస్టారు ఇద్దరి మొహాలూ మార్చిమార్చి చూశాడు. "పోనీలే, ఆవు దక్కిందిగా" అని పెరుగు వడ్డించుకున్నాడు. ఆయన మెత్తదనం ఎప్పటిలాగే ఎవరికీ పనికిరాలేదు.

ఆ తర్వాతి రోజులు ఆమెకు నరకమే. మరిది మంచివాడైపోయాడు. రోజూ పొద్దున్నే అడక్కుండా బానెట్ ఎత్తి కడ్డీ కదిపి చూసేవాడు. ఆమె ఎదురైతే గొంతు తగ్గించి, "అంతా బాగుంది వదినా, వెళ్ళిరండి" అనేవాడు. ఒంట్లో బాగాలేని వాళ్ళతో మాట్లాడినట్టు మాట్లాడేవాడు. గొప్పలు లేవు, పాఠాలు లేవు. తనకంటే తక్కువవాడని ఇన్నేళ్ళూ ధీమాగా చూసిన మనిషి తనను కనిపెట్టుకుని ఉండటం ఆమెకు కంటిలో నలుసులా ఉంది. తిడదామంటే తిట్టడానికి ఏమీ దొరకనిచ్చేవాడు కాదు.

వారానికోసారి, పని లేకపోయినా కొండెక్కి, పెడలు నేలకు తొక్కిపట్టి వచ్చేది. అలా వెళ్ళిన ఒకసారి ఇంజనులోంచి సన్నగా ఈలలాంటి శబ్దం వినబడింది. లాగుడు తగ్గలేదు. ఇంకెవరికైనా అది వినబడేదే కాదు. ఇల్లు చేరి బండి ఆపి, కాసేపు స్టీరింగు మీద చేతులు పెట్టుకుని కూర్చుంది. తర్వాత దిగి నేరుగా షెడ్డులోకి వెళ్ళింది.

"ఈల వేస్తోంది" అంది. "మూడో గేరులో, ఎత్తులో. ఒకసారి చూస్తావా?"

మరిది బల్ల దగ్గర నుంచి తిరిగాడు. ఆమెను ఎగాదిగా చూశాడు. మెల్లగా చేతులు కట్టుకున్నాడు. తల ఓ పక్కకు వాల్చాడు.

"ఏంటి వదినా, సమస్యా?"

"ఆ. సమస్యే."

"రెండు ముక్కల మధ్య అతుకులో పెట్టే గాస్కెట్ దగ్గర పొగ కారుతున్నట్టుంది. నేను వింటేగానీ చెప్పలేను. అసలు ఈల ఎందుకొస్తుందో తెలుసా మీకు? నోటితో ఈల వేసేటప్పుడు పెదాలు ఎలా పెడతాం? ఇరుగ్గా! అక్కడ గాలి..." అంటూ బండి దగ్గరకు నడిచాడు. నడుస్తూ పెదాలు సున్నాలా చుట్టి చూపించాడు. ఇంత వెకిలి మొహం ప్రపంచంలో ఇంకొకటి ఉండదనిపించింది డాక్టరమ్మకు. చాలారోజుల తర్వాత ఊపిరి సరిగ్గా ఆడింది.

అతను బానెట్ ఎత్తి, టార్చిలైటు ఆమె చేతిలో పెట్టి, ఇంజను మీదకు వంగాడు. పాఠం సాగుతూనే ఉంది. ఆమె అడ్డుచెప్పకుండా వింటూ లైటు వేసింది.

"అటు కాదు వదినా, ఇటు, ఇటు! లైటు పట్టుకోవడం కూడా రాదా మీకు?"

ఆమె లైటు ఇటు తిప్పింది.